ఎల్లవ్వ బావి నీళ్ళు

అల్వాల్, సికిందరాబాదు
ఆదివారం

అప్పకు,

తమ్ముడు సింహాచలం దండాలు. ఇక్కడ నేనూ లలితా పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బావా పిల్లలూ కులాసా అనే తలుస్తున్నాను. బావ మోకాలు ఎలా ఉంది? వానాకాలం కదా, పొలం గట్ల మీద తిరగవద్దని చెప్పు. మీ అత్తకి దగ్గు తగ్గిందా? పెద్దమ్మాయి పదో తరగతి పాసయిందని రాశావు. లలిత ఆ ముక్క నా చేత రెండుసార్లు చదివించుకుని, పక్కింటి వాళ్ళకి పంచదార పంచింది.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని కోపం వచ్చే ఉంటుంది. మూడుసార్లు మొదలుపెట్టాను అప్పా. ప్రతిసారీ 'ఇక్కడ అంతా క్షేమం' అన్న దగ్గర ఆగిపోయి కాగితం చింపేశాను. ఈసారి ఆ మాట రాయకుండా మొదలుపెట్టాను కాబట్టి ముందుకు సాగుతుందేమో చూడాలి.

ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. మన దగ్గరలాగా రోజుల తరబడి ముసురు పట్టదు. గంటసేపు కుమ్మరించి ఎండ కాసేస్తుంది. లలిత ఇక్కడి వాళ్ళని చూసి సర్వపిండి చెయ్యడం నేర్చుకుంది, నీకు నచ్చుతుంది. నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు మొన్నటిదాకా వచ్చాయి. పాపకి తెలుగు రెండు రకాలుగా వస్తోంది. ఇంట్లో మనలాగా, వీధిలోకి వెళ్తే వీళ్ళలాగా మాట్లాడుతుంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. గెడ్డ ఒడ్డున మీకున్న పొలం చెక్కలో కోళ్ళ షెడ్డు వేద్దామని బావ అంటున్నాడనీ, 'నువ్వు కోళ్ళ డాక్టరువి, మంచీ సెడ్డా నీకే తెలుస్తాది, నువ్వేటంటే అదే సేస్తాం' అనీ రాశావు. ఊళ్ళో అందరికీ నన్ను అలాగే చెబుతున్నావని తెలుసు. నేను డాక్టర్ని కాదప్పా. టీకాలు వెయ్యడం, నీళ్ళలో మందు కలపడం నేర్చుకున్న సూపర్‌వైజర్ని. ఇప్పుడు అది కూడా కాదు. ఫారం మానేసి నెలన్నర అయింది. మానేశాను అని రాయడం కూడా అబద్ధమే. పొమ్మన్నారు. ఎందుకు పొమ్మన్నారో చెబితే తప్ప నీ ప్రశ్నకి జవాబు రాయలేను.

నేను పనిచేసిన ఫారం అల్వాల్ దాటి ఉత్తరంగా వెళ్ళే దారిలో, రోడ్డు దిగి మైలు దూరం లోపల ఉంటుంది. పొడవాటి ఆరు షెడ్లు. అన్నీ గుడ్లు పెట్టే కోళ్ళే. రోజూ తెల్లారేసరికి గుడ్ల అట్టలు వ్యానులకెక్కి సికిందరాబాదంతా తిరుగుతాయి. చేరిన కొత్తలో నాకు చాలా గర్వంగా ఉండేది. ఇంతమంది పిల్లలకి గుడ్డు పెడుతున్నాం అనుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు కూడా.

ఫారం ఉన్నది మెరక మీద. కింద పల్లంలో ఇరవై ఇళ్ళ చిన్న వాడ ఉంది. ఆ వాడ మొదట్లోనే ఎల్లవ్వ ఇల్లు, ఇంటి వెనక అరెకరం మడి, మడి మధ్యలో రాతి కట్టడం బావి. ఎల్లవ్వకి అరవై దాటి ఉంటాయి. పాలకూర, కొత్తిమీర, చుక్కకూర వేసి, కోసి, ఆ బావి నీళ్ళలోనే కడిగి కట్టలు కట్టి, పొద్దున్నే బస్సులో మోండా మార్కెట్‌కి తీసుకెళ్ళి అమ్ముకునేది. ఆమె భర్త సాయన్న మోట కొట్టిన కాలం మనిషి. ఇప్పుడు మడికి నీళ్ళు కట్టడం, కలుపు తియ్యడం చేసేవాడు. వాడలో చేతి బోరింగు ఒకటి ఉండేది కానీ రెండేళ్ళ కిందట ఎండిపోయింది. మా ఫారంలో నాలుగు బోర్లు ఒకదాని తర్వాత ఒకటి లోతుకి వేసిన ఏడాదే అది ఎండింది. నేను అప్పుడు ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. అప్పటినుంచి వాడ అంతా ఎల్లవ్వ బావి నీళ్ళే తాగేది.

మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా విప్పే వేళకి ఎల్లవ్వ కంచె అవతల నిలబడి పిలిచేది. "ఏం సారూ, ఒక్కనివే తింటున్నవ్? జెర మజ్జిగ తాగు, ఎండ మస్తుగున్నది" అని సత్తు చెంబు అందించేది. మా కోళ్ళ ఎరువు ఆమె మడికి నేనే ఇప్పించేవాణ్ణి. దానితో ఆమె కూర ఏపుగా వచ్చేది. మా వల్ల వాడకి ఈగలు పట్టుకున్న మాట నిజం. అన్నం తినేటప్పుడు ఒక చేత్తో తువ్వాలు ఊపుకుంటూ తినాలి. ఎవరైనా అడిగితే మామిడిపళ్ళ కాలం కదా అనేవాణ్ణి. మామిడిపళ్ళు అయిపోయాక వానాకాలం కదా అనేవాణ్ణి. ఆ చిన్న అబద్ధాలే నా నోటికి అబద్ధం అలవాటు చేశాయేమో.

ఈ ఏడు రోహిణి కార్తెలో ఇక్కడ ఎండ నిప్పులా కాసింది. షెడ్ల చుట్టూ గోనెలు కట్టి తడిపేవాళ్ళం, కప్పు మీద గడ్డి పరిచి నీళ్ళు చల్లేవాళ్ళం. కరెంటు పోయిందంటే మోటార్లు ఆగిపోయేవి. ఒక రోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. కోళ్ళు రెక్కలు విప్పి, నోళ్ళు తెరిచి, బోనుల్లోనే ఒరిగిపోయాయి. అలాంటివి వరసగా నాలుగు రోజులు. చచ్చిన కోళ్ళని ఎక్కడపడితే అక్కడ వెయ్యకూడదు. నీళ్ళకి దూరంగా లోతు గొయ్యి తీసి, పొరపొరకీ సున్నం చల్లి, మట్టి కప్పాలి. నాకు నేర్పించారు, నేను పది మందికి నేర్పించాను. కానీ ఉన్న గొయ్యి మొదటి రోజే నిండిపోయింది. అక్కడ రెండు అడుగులు తవ్వితే బండ. పనివాళ్ళు అప్పటికే సొమ్మసిల్లి ఉన్నారు. యజమానికి ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి మేనేజ్ చెయ్యి సింహాచలం, ఎల్లుండి తవ్వే మిషన్ పంపిస్తా" అన్నాడు.

ఎల్లుండి దాకా ఆగలేకపోయాను. ఫారం మూలలో, కంచెకి దగ్గరగా, ఎవరూ వాడని పాతబావి ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి చుక్క నీరు లేదు. అందులో ముళ్ళకంప పెరిగింది. మూడు చక్రాల బండి తోసుకొచ్చిన పనివాళ్ళు, "సారూ, ఏడెయ్యాలె?" అని అడిగారు. నేను చెయ్యెత్తి ఆ బావి చూపించాను. యజమాని చెప్పలేదు. పనివాళ్ళు సలహా ఇవ్వలేదు. చూపించింది నా చెయ్యి. నాలుగు రోజుల కోళ్ళూ అందులోకే వెళ్ళాయి. పైన పెంట, పొట్టు పోయించి కప్పేయించాను. సున్నం బస్తాలు గోదాములోనే ఉన్నాయి. అవి కూడా తెప్పించలేదు. వాసన పోయింది కదా, చాలు అనుకున్నాను.

యజమాని పంపిస్తానన్న మిషన్ రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

మృగశిర రాగానే వానలు మొదలయ్యాయి. మొదటి వాన పెద్దది. రెండోదీ పెద్దదే. మూడో వాన వెలిసిన మర్నాడు ఎల్లవ్వ కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు లేదు.

"సారూ, రెండు దినాలసంది బాయినీళ్ళు అదోతీరు వాసనొస్తున్నయ్. జెర వచ్చి చూస్తవా? నీకు మందుల సంగతి ఎరికేనాయె."

వెళ్ళాను. చేద వేసి నీళ్ళు తోడి, దోసిట్లోకి తీసుకోకముందే నాకు అర్థమైపోయింది. ఆ వాసన నాకు తెలియనిది కాదు. పాతబావి దగ్గర్నుంచి ఇక్కడికి వాలు. కింద అంతా పగుళ్ళ బండ. వాన నీరు అందులో దిగి ఎటు ఊరుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

సాయన్న నా మొహంలోకే చూస్తున్నాడు. ఎల్లవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏందీ సారూ, ఏమైంది నీళ్ళకు?" అంది.

"ఏం లేదు ఎల్లవ్వా. కొత్త నీరు కదా, ఆకులూ అలములూ కుళ్ళి ఉంటాయి. బ్లీచింగ్ పౌడరు వేస్తే సరిపోతుంది" అన్నాను.

"గంతేనా? నేను ఊకెనే పరేషానయిన" అని నవ్వింది.

ఫారం నుంచి పౌడరు తెచ్చి నేనే వేశాను. ఆ సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే దారికి అడ్డం వచ్చి, చుక్కకూర, కొత్తిమీర ఒక చేతిసంచి నిండా పెట్టి ఇచ్చింది. "పాపకు పప్పు జేసి పెట్టుమను. నువ్వు మా కోసం ఇంత తక్లీఫ్ తీసుకుంటివి" అంది. కట్టలు తడిగా ఉన్నాయి. అప్పుడే కడిగి కట్టినవి.

అల్వాల్ బస్సు దిగి, మా వీధి మలుపులో చెత్తకుండీ దగ్గర ఆగి, ఆ సంచి అందులో వేసేశాను అప్పా. లలితకి చెప్పలేదు. నా పిల్ల నోట్లోకి పోకుండా చూసుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఎల్లవ్వ అవే కట్టలు గంపనిండా పెట్టుకుని మోండా మార్కెట్ బస్సెక్కింది. నేను ఫారానికి వెళ్ళే బస్సులోంచి చూశాను. మా బస్సూ ఆమె బస్సూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. దిగి ఆపవచ్చు. దిగలేదు. పదిహేను రోజులు దిగలేదు.

ఆ పదిహేను రోజుల్లోనే వాడలో జబ్బులు మొదలయ్యాయి. వాంతులు, విరేచనాలు. ముందు ఇద్దరు ముసలివాళ్ళు, తర్వాత ఇంటికొకరు. సాయన్నని సర్కారు దవాఖానలో చేర్చారు. ఎవరూ చనిపోలేదు. ఆ మాట ఇక్కడే రాసేస్తున్నాను, నువ్వు గాభరా పడతావని. కానీ అది నా గొప్ప కాదు.

ఇప్పుడు రాయబోయేదే అన్నిటికన్నా కష్టం.

ఆ వాడ పక్కన కొత్త ఇళ్ళ కాలనీ లేస్తోంది. అక్కడ తాపీ పనికి వచ్చిన కుటుంబం ఒకటి బావికి ఎగువన గుడిసె వేసుకుని ఉండేది. మనవాళ్ళే. అతని పేరు గురువులు. భార్య, ముసలి తల్లి. మాటలో మన యాస విని మొదటి రోజే పలకరించాను. "మాది పెదగెడ్డవలస బాబూ, రైలు గేటు దాటినాక మొదటి ఇల్లు" అన్నాడు. మీ ఊరికి రెండూళ్ళ అవతలే కదా. మీ సంతకి వస్తుంటాడట. ఆ తల్లి నన్ను చూసినప్పుడల్లా, "మనోడు కనపడితే కడుపు సల్లబడతాది" అనేది.

జబ్బులు పెరిగాక వాడ పెద్ద మల్లేశం అందర్నీ ఎల్లవ్వ అరుగు దగ్గర కూడేశాడు. నన్నూ పిలిపించాడు. గురువులు కుటుంబాన్ని మధ్యలో నిలబెట్టారు. వాళ్ళు బావి గట్టు మీద బట్టలు ఉతుకుతారని, స్నానాలు చేస్తారని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు.

గురువులు దాచలేదు. "ఉతికినాం బాబూ, ఒప్పుకుంతన్నాను. మరెక్కడికెల్తాం? అంతేగాని ఊరందరికీ వాంతులయ్యీలాగ మేమేటి సేసినాం?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు మన పక్కోడివి. సదువుకున్నోడివి. నువ్వైనా సెప్పు బాబూ."

మల్లేశం కూడా నా వైపే చూశాడు. "అవ్, సారే జెప్పాలె. నువ్వెట్లంటే గట్ల. గీళ్ళతోని నీళ్ళు ఖరాబైతయా, కావా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఎల్లవ్వ కూడా.

"అవ్వచ్చు" అన్నాను.

అంతే అప్పా. ఒక్క మాట. అబద్ధం అని ఎవరూ పట్టుకోలేని మాట. ఎంచి ఎంచి అదే అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గురువులు వాళ్ళు గుడిసె విప్పేసుకున్నారు. రేకులు, కర్రలు, రెండు ట్రంకు పెట్టెలు, గిన్నెల మూట ఇటుకల ట్రాక్టరు మీద ఎక్కించారు. కాలనీ మేస్త్రీ గురువులుని పనిలోంచి తీసేశాడట. గొడవ ఉన్న మనుషులు వద్దన్నాడట. నేను ఫారం గేటు లోపల నిలబడి చూస్తున్నాను. గురువులు నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అతని తల్లి మాత్రం గేటు దాకా నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"వెళ్ళొస్తాం బాబూ. నువ్వు జాగర్త. ఆ నీల్లు మాత్రం తాగకు. ఏటో పడింది అందులో" అని నా చెయ్యి పట్టుకుని వదిలి వెళ్ళిపోయింది.

ఆ రోజైనా నోరు తెరిచి ఉంటే కాస్త మనిషినని చెప్పుకునేవాణ్ణి. తెరవలేదు. ఇంకో పది రోజులు ఊరుకున్నాను. మళ్ళీ మళ్ళీ పౌడరు వేశాను. దాని ఘాటు కింద అసలు వాసన అణిగింది. వాడ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు మోసుకుని విసిగిపోయి ఉన్నారు.

సాయన్నని దవాఖాన నుంచి తీసుకొచ్చిన రోజున చూడటానికి వెళ్ళాను. అరుగు మీద నులకమంచం వేసి పడుకోబెట్టారు. మనిషి సగమయ్యాడు. "నీళ్ళు" అన్నాడు. ఎల్లవ్వ బావి దగ్గరికి వెళ్ళి చేద వేసింది. బిందె ఎత్తుకొచ్చి చెంబులో వంచుతూ నాతో అంది: "ఆళ్ళు పోయి పది దినాలాయె సారూ. ఇగ నీళ్ళు మంచిగైనట్టే ఉన్నయ్. వాసన సుత తక్కువైంది."

చెంబు సాయన్న చేతికి అందుతోంది.

"ఆగు ఎల్లవ్వా" అన్నాను. "ఆ నీళ్ళు పట్టొద్దు."

"ఏమాయె?"

"బావి చెడింది గురువులు వాళ్ళ వల్ల కాదు. నా వల్ల. ఎండల్లో చచ్చిన కోళ్ళన్నీ మా పాతబావిలో వేయించాను. ఆ కుళ్ళే ఊరుతూ నీ బావిలోకి వస్తోంది."

ఆమె చెంబు కింద పెట్టింది. కోప్పడలేదు. నేల మీద కూర్చుని, కాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"అంటే... నువ్వు పౌడరు తెచ్చి ఏసిననాడు నీకు ఎరికేనా?"

"ఎరికే."

"గురువులును అడిగిననాడు?"

"ఎరికే."

"నేనిచ్చిన కూర ఇంటికి తీస్కవోయినవ్ గదా. మీ పాపకు పెట్టినవా?"

ఈ ప్రశ్న అడుగుతుందని నేను అనుకోలేదు అప్పా. "లేదు. పారేశాను" అన్నాను.

మంచం మీద సాయన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎల్లవ్వ అంది, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు: "నేను ఒక్క దినం సుత నాగా లేకుంట అమ్మిన. పిల్లతల్లులు కొనుక్కపోయిన్రు. తాజాగున్నయ్ అవ్వా అని అడిగి అడిగి కొన్నరు."

ఆ తర్వాత నా వైపు చూసి, "పో సారూ" అంది. "మల్లేశంకు నువ్వే చెప్పి పో."

చెప్పాను. మల్లేశం కొడతాడనుకున్నాను. అతను అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "గా గురువులును ఎళ్ళగొట్టింది నేనే గదా" అని తలకొట్టుకున్నాడు. అతని సిగ్గు చూస్తుంటే నేను మరీ తక్కువ మనిషిననిపించింది. అతను తెలియక చేశాడు.

మర్నాడు వాడంతా వచ్చి ఫారం గేటు దగ్గర కూర్చుంది. దాణా లారీని లోపలికి పోనివ్వలేదు. యజమాని కారులో వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. "నీకేమైనా మెంటలా? ఎవరడిగారు నిన్ను? వాళ్ళే ఎవరో చేశారనుకుని సైలెంటయిపోయారు కదా!" అన్నాడు. నేనూ అంతకు ముందు రోజు దాకా అచ్చంగా ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను కాబట్టి అతని మీద కోపం రాలేదు. లారీ రెండు రోజులు రోడ్డు మీదే నిలబడింది. కోళ్ళు ఆకలికి అరుస్తుంటే మూడో రోజు ఒప్పుకున్నాడు. పొక్లెయిన్ వచ్చింది. దాంతోపాటు రోజూ వాడకి నీళ్ళ ట్యాంకరు కూడా వచ్చింది. పాతబావిలో ఉన్నదంతా ఎత్తిపోయించి, ఫారానికి అటు చివర మెరకన తీసిన గోతిలో వేశారు. ఆ వాసన నేను రాయలేను. పనివాళ్ళు దూరంగా నిలబడ్డారు, వాళ్ళని నేనేమీ అనలేదు. మొహానికి తువ్వాలు కట్టుకుని పొరపొరకీ సున్నం నేనే చల్లాను. రెండు రోజులు పట్టింది. అది అయిపోయిన సాయంత్రం యజమాని నన్ను రేపటినుంచి రావద్దన్నాడు.

ఎల్లవ్వ బావిని మూడుసార్లు మోటారు పెట్టి తోడించారు. నీళ్ళు ఇప్పుడు తేటగా ఉన్నాయి. పరీక్షకి సీసాలో పట్టుకెళ్ళినాయన, పై ఏడు వానలు పడి బండ కడిగేదాకా తాగవద్దనీ, కూర కడగవద్దనీ చెప్పాడు. మడి ఎండిపోయింది. ఎల్లవ్వ ఇప్పుడు బోయిగూడలో ఒక ఇంట్లో అంట్లు తోముతోందట. నలభై ఏళ్ళు తన చేత్తో పండించి అమ్మిన మనిషి. సాయన్న కర్ర పట్టుకుని అరుగు దాకా నడుస్తున్నాడు. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి తీసి, "ఏం పని?" అంది. పనేమీ లేదని వచ్చేశాను.

లలితకి అన్నీ చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత, "మరి నేను ఆ రోజుల్లో బజార్లో కొన్న కొత్తిమీర ఎవరి మడిలోది?" అంది. ఎవరి మడిలోదో ఎవరికి తెలుసు? నేను ఒక సంచి పారేసి నా ఇంటిని కాపాడుకున్నాననుకున్నాను. లలిత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ ఒక్కటే అడిగింది: "గురువులు వాళ్ళకి ఎవరు చెబుతారు?"

ప్రస్తుతం ఏ.ఎస్. రావు నగర్లో ఒక రంగుల షాపులో పనికి కుదిరాను. డబ్బాలు దించడం, రంగు కలపడం. ఇల్లు గడుస్తోంది, నువ్వు దిగులు పడకు. పాప బాగా చదువుకుంటోంది. నాకు ఒంట్లో ఏమీ లేదు. నిద్ర కూడా పడుతోంది. అది కూడా ఒక్కోసారి సిగ్గుగానే ఉంటుంది.

బావకి చెప్పు. కోళ్ళ షెడ్డు చెడ్డదని నేను అనను. జాగ్రత్తగా చేసేవాళ్ళు ఉన్నారు, బాగుపడ్డవాళ్ళు ఉన్నారు. కానీ గెడ్డ ఒడ్డు చెక్కలో వద్దు. ఆ గెడ్డ నీళ్ళే కింద మూడూళ్ళు తాగుతాయి. వేసి తీరాలంటే మెరక మీద, నూతికీ గెడ్డకీ దూరంగా వెయ్యమను. కోడి పిల్ల రాకముందే గొయ్యి తీసి ఉంచమను. సున్నం దగ్గర పెట్టుకోమను. ఎండాకాలంలో వెయ్యి కోళ్ళు ఒక్కసారి చస్తే ఏం చేస్తావని ముందే అడుగు. 'అప్పుడు సూద్దాంలే' అంటే మాత్రం ఆ షెడ్డు వెయ్యనివ్వకు. నేను కూడా అప్పుడు చూద్దాంలే అనుకున్నవాణ్ణే. కావాలంటే ఈ ఉత్తరం బావకి చదివి వినిపించు. ఊళ్ళో ఎవరైనా తమ్ముడు డాక్టరు కదా అంటే, కాదని చెప్పు.

ఒక పని చేసి పెట్టాలి. ఈసారి సంతకి వెళ్ళినప్పుడు కాస్త ముందుకెళ్ళి పెదగెడ్డవలసలో గురువులు గురించి కనుక్కో. తాపీ మేస్త్రీ గురువులు అంటే చెబుతారు. వాళ్ళు ఇక్కడినుంచి సొంత ఊరికే వెళ్ళారో, ఇంకెక్కడికైనా వలస పోయారో నాకు తెలియదు. కాలనీలో ఎవర్ని అడిగినా చెప్పలేకపోయారు. ముసలమ్మ ఎలా ఉందో చూడు. వాళ్ళు అక్కడే ఉంటే వెంటనే ఒక కార్డు ముక్క రాయి. సెలవు పెట్టుకుని నేనే వస్తాను.

అయితే అప్పా, జరిగింది నువ్వు వాళ్ళకి చెప్పకు. నా తరఫున క్షమించమని కూడా అడగకు. నువ్వు చెప్పేశావని తెలిస్తే, ఇంక నేను వెళ్ళక్కర్లేదులే అనుకుంటాను. నన్ను నేను ఎరుగుదును.

మీ అత్తకీ, బావకీ నా నమస్కారాలు. పిల్లలకి మేనమామ దీవెనలు. లలిత నీకు దండం చెప్పమంది. పాప నీకు బొమ్మ వేసి ఇచ్చింది, లోపల పెట్టాను.

నీ తమ్ముడు
సింహాచలం